కాస్త పక్కకి జరగండి

"కాస్త పక్కకి జరగండి," అంది కామేశ్వరి, పొయ్యి మీంచి దించిన పాలగిన్నెని పట్టుకారుతో పట్టుకుని.

అబ్బాయిరాజు జరిగాడు. వంటింటి గుమ్మానికి ఆనుకుని ఉన్నవాడు ఫ్రిజ్ ముందుకి వచ్చాడు. అక్కడ నిలబడితే ఫ్రిజ్ తలుపు తెరుచుకోదు. తోడుకి పెరుగు తీయాలంటే ఆవిడ మళ్ళీ ఆ మాటే అనాలి. అంది. ఈసారి ఆయన గ్యాస్ సిలిండరు పక్కకి వెళ్ళి, అటక తలకి తగలకుండా మెడ వంచుకుని నిలబడ్డాడు. ఏలూరులో అద్దెకిచ్చే వంటిళ్ళు ఆరడుగుల పైచిలుకు మనుషుల్ని దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు. ఆ మాటకొస్తే మగవాళ్ళని దృష్టిలో పెట్టుకుని కట్టినవే కావు.

హాల్లో ఆయనకో కుర్చీ ఉంది. టీవీ ఉంది, పేపరు ఉంది, ఫ్యాను కూడా ఆ కుర్చీ వైపే తిరుగుతుంది. కానీ అబ్బాయిరాజుకి కూర్చోవడం చేతకాదు. మనుషులు మసిలే చోటు చూసుకుని, వాళ్ళకీ తలుపుకీ మధ్య నిలబడతాడు. చుట్టాలొస్తే వాళ్ళకీ వీధి గుమ్మానికీ మధ్య నిలబడతాడు. తొందరగా వెళ్ళిపోమంటున్నాడని కొందరనుకున్నారు, వెళ్ళనివ్వడం లేదని కొందరనుకున్నారు. మొత్తానికి రావడం మానేశారు.

అది ఆయన వృత్తి. ఫుట్‌బాల్‌లో గోల్‌కీపరు ముందు నిలబడి, బంతితో దూసుకొచ్చినవాణ్ణి వచ్చినట్టు ఆపడం. కలకత్తాలో ఆపాడు, గోవాలో ఆపాడు, కామేశ్వరికి నోరు తిరగని పేర్లున్న కొండ ఊళ్ళల్లో ఆపాడు. ఆయన అక్కడ ఆపుతున్నంతకాలం ఇక్కడ సిలిండరు ఆవిడే దొర్లించింది, ఫ్యూజు ఆవిడే వేసింది, మోటారు పాడైతే మేడ మీద ట్యాంకులోకి ఆవిడే తొంగిచూసింది. పిల్లలు లేరు. ఒక్క మనిషికి సరిపడా సంసారాన్ని చక్కగా అమర్చుకున్నాక, మోకాలు అరిగిపోయి, ఇల్లుగలాయన ఇంటికొచ్చాడు.

"కృష్ణప్రియ ఫోన్ చేసింది," అంది కామేశ్వరి పాలల్లో తోడు కలుపుతూ. కృష్ణప్రియ డిగ్రీలో ఆవిడ పక్క బెంచీ. ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు కాలేజీ కరస్పాండెంటు గారి భార్య. "ఆదివారం గూడెం రమ్మంటోంది. వాళ్ళ కాలేజీలో ఫుట్‌బాల్ పోటీలు పెడుతున్నారట. ముఖ్య అతిథి మీరేనట. సన్మానం కూడానట."

"నాకెందుకే సన్మానం?"

"వాళ్ళకి కోచ్ కావాలి. ఊరికే పిలిచి ఉద్యోగం ఇస్తే బాగుండదు కదా. ముందు శాలువా కప్పి, తర్వాత మాట్లాడతారు కాబోలు."

ఆ ఫోను కృష్ణప్రియ చేసింది కాదు. కామేశ్వరే చేసింది, అదీ మూడో ప్రయత్నానికి ధైర్యం వచ్చి. ఆ సంగతి చెప్పలేదు.

"అన్నయ్య కూడా ఫోన్ చేశాడు," అన్నాడు అబ్బాయిరాజు సిలిండరు వైపు చూస్తూ. "ఎల్లుండి చెరువులో చేపల పట్టుబడంట. రమ్మన్నాడు. ఏసోబు ఇంక కాపలా ఉండలేనని కొడుకు దగ్గరికి వెళ్ళిపోతున్నాడంట. సోమవారం నించీ గట్టు మీద మకాంలో మనిషి కావాలన్నాడు."

"మనిషి కావాలంటే?"

"నన్ను ఉండమన్నాడు."

కామేశ్వరి చెంచా ఆపింది. గూడెంలో కోచ్ అయితే పొద్దున్న రైలెక్కి సాయంత్రానికి ఇంటికొస్తాడు. కొల్లేటి గట్టున చేపల చెరువు కాపలా అంటే అక్కడే తిండి, అక్కడే పడక. మళ్ళీ ఇదివరకటిలాగే. కాకపోతే ఇదివరకు పేపర్లో పేరైనా పడేది.

"మరి మీరేమన్నారు?"

"ఆదివారం సాయంత్రం చెప్తానన్నాను."

ఆవిడ మోచెయ్యి తగిలి గట్టు మీంచి స్టీలు మూత జారింది. నేలకి తగల్లేదు. అబ్బాయిరాజు కాలు ఎప్పుడు చాపాడో తెలియదు, మూత ఆయన పాదం మీద చిన్న చప్పుడైనా లేకుండా ఆగి ఉంది. ఆయన వంగి తీసి గట్టు మీద పెట్టాడు.

"తినే గిన్నెల మూతలకి కాళ్ళు తగిలిస్తారటండీ ఎవరైనా?" అని ఆవిడ దాన్ని సింకులో వేసి మళ్ళీ కడిగింది.

*

శుక్రవారం భీమడోలు దాకా బస్సు, అక్కడినించి వాళ్ళన్నయ్య పెద్దిరాజు పంపిన ఆటో. వీళ్ళు వెళ్ళేసరికి చెరువులో రెండో వల నడుస్తోంది. కూలీలు గుండెల్లోతు నీళ్ళల్లో వరసగా నిలబడి, ఒకే గొంతుతో కేక వేసుకుంటూ వల లాగుతున్నారు. గట్టు మీద ఐసు ట్రేలు, వాటి వెనక వ్యాను, వ్యాను నీడలో ప్లాస్టిక్ కుర్చీ, ఆ కుర్చీలో పెద్దిరాజు.

"రామ్మా కామేశ్వరీ! మీ అక్కయ్య ఇడ్లీలు పంపింది, ముందు తినండి. ఏరా అబ్బాయ్, మోకాలెలా ఉంది?"

"ఆయ్, బానే ఉందన్నయ్యా."

అంటూనే చొక్కా విప్పి ఆవిడ చేతికిచ్చాడు. లుంగీ ఎగగట్టి నీళ్ళల్లోకి దిగాడు. ఎవరూ దిగమనలేదు. ఎక్కడ నిలబడాలో ఎవరూ చెప్పలేదు. తిన్నగా వెళ్ళి వల రెండు వైపులూ కలిసే మూల నిలబడ్డాడు.

వల దగ్గరపడేకొద్దీ చేపలకి సంగతి అర్థమైంది. ముందు శీలావతులు ఎగిరాయి. కూలీలు పైతాడు ఎత్తి పట్టుకున్నా, దాని మీదుగా దూకి అవతల పడేవి పడుతున్నాయి. మూల దగ్గర మాత్రం ఏదీ దాటలేదు. అబ్బాయిరాజు చేతులు కూడా ఎత్తడం లేదు. అర అడుగు ఇటు, అర అడుగు అటు. ఎగిరిన చేప ఎదురుగా వచ్చేసరికి అక్కడ ఆయన ఛాతీ ఉంటోంది. పెద్ద బొచ్చె చేప ఒకటి నీళ్ళు చిమ్ముకుంటూ లేచి, ఆయన రొమ్ముకి దభీమని తగిలి, తిరిగి వలలో పడింది.

"రాజుగారు భలే ఆపారండోయ్!" అని అరిచారు కూలీలు.

కామేశ్వరి గట్టు మీంచి ఆయన ముఖం చూసింది. ఆ మెప్పు ఆయనకి వినిపించినట్టు లేదు. తర్వాత ఎగరబోయే చేప కోసం చూస్తున్నాడు.

"చూశావా అమ్మా," అన్నాడు పెద్దిరాజు సంతోషంగా. "డిఫెండరు అంటే ఏవిటి? కాపలాయే కదా. అక్కడ గోలు కాపలా, ఇక్కడ చెరువు కాపలా. ఎదటి పార్టీ కూడా తేలిక. చేపల కోసం వాలే గూడబాతులూ, నీటికాకులూ. వాటిని ఏం చేసినా ఫౌలనేవాడు లేడు, కార్డు చూపించేవాడు లేడు."

"ఆయన దేశమంతా ఆడొచ్చారు బావగారూ."

"కాదన్నానా? పరాయివాణ్ణి పెడితే సగం చేపలు వాడే మేస్తాడు. మనవాడైతే నాకు నిశ్చింత." పెద్దిరాజు గొంతులో వెటకారం లేదు. అదే ఇబ్బంది. ఉంటే ఆవిడ దగ్గర సమాధానాలున్నాయి.

పట్టుబడి అయ్యాక మకాం చూడటానికి వెళ్ళారు. గట్టు చివర సిమెంటు దిమ్మల మీద రేకుల గది. ఒక నులకమంచం, ఒక గ్యాస్ స్టవ్వు, పక్షుల్ని తోలడానికి ఒక రేకు డబ్బా, కర్ర. గోడకున్న మేకుకి ఒక కంచం. ఆ గదిలో ఏదైనా ఒకటే ఉంది.

అబ్బాయిరాజు మంచం మీద పడుకుని చూశాడు. పాదాలు గుమ్మం దాటి బయటికొచ్చాయి.

"సరిపోతుంది," అన్నాడు.

"కాళ్ళు బయటున్నాయి."

"తలుపు వేసుకోన్లే."

బయట కొల్లేరు, నీళ్ళకీ ఆకాశానికీ గట్టు లేనట్టు పరుచుకుని ఉంది. దూరంగా గూడబాతులు పెళ్ళిభోజనం బంతిలా వరసగా కూచుని ఉన్నాయి. ఆయన ఇంకా పడుకునే ఉన్నాడు, రేకుల కేసి చూస్తూ.

"ఒక్కణ్ణీ ఉండటం నాకు అలవాటే కామేశ్వరీ."

"నాకూ అలవాటే," అంది ఆవిడ.

ఆ అలవాటు బాగుండేదో లేదో ఇద్దరిలో ఎవరూ చెప్పలేదు. ఆవిడ మేకుకున్న కంచం తీసి, దుమ్ము ఉందని కొంగుతో తుడిచి, మళ్ళీ అక్కడే తగిలించింది. ఆ తర్వాత గాని, దాన్ని తనెందుకు తుడిచిందా అనిపించలేదు.

*

ఆదివారం రైల్లో కామేశ్వరి ఆయనకి పాఠం చెప్పింది.

"కరస్పాండెంటు గారు ఏం మాట్లాడినా తల ఊపండి. మీరు ఎక్కువ మాట్లాడక్కర్లేదు."

"నేనెప్పుడు మాట్లాడాను?"

"అదీ నిజమే. పోనీ కాస్త నవ్వండి. మీరు నవ్వకుండా చూస్తుంటే ఎదటివాళ్ళకి తప్పు చేశామేమో అనిపిస్తుంది."

ఆయన నవ్వి చూపించాడు. "వద్దులెండి," అంది.

కాలేజీ గేటు దగ్గర పెద్ద ఫ్లెక్సీ కట్టారు. 'మన జిల్లా ముద్దుబిడ్డ, గోల్స్ వీరుడు శ్రీ అబ్బాయిరాజు గారికి స్వాగతం.' కింద ఒకాయన గాల్లోకి ఎగిరి తలతో బంతిని కొడుతున్నాడు. చక్కటి ముఖం, ఉంగరాల జుట్టు, మెడలో గొలుసు. ఆయన అబ్బాయిరాజు కాదు.

కామేశ్వరి దగ్గరికెళ్ళి చూసింది. ఆ ఎగిరిన మనిషి భుజం వెనక, కత్తిరించగా మిగిలినది, ఒక చెవీ, ఒక మోచెయ్యీ ఉన్నాయి. మణికట్టుకి ఎర్రతాడు. ఆ తాడు ఆవిడే కట్టింది, ద్వారకాతిరుమల నుంచి తెచ్చి, ఎవరి కాలూ తగిలి ఎముక విరక్కూడదని. ఇంటర్నెట్లో ఆయన పేరుతో దొరికిన ఫొటోలో బాగా కనిపించేవాణ్ణి ఫ్లెక్సీ షాపువాడు కత్తిరించి పెట్టుకున్నాడు. వాడి తప్పు కూడా కాదు. ఆయన ఫొటోలన్నీ అలాంటివే. ముందు ఎవరో ఉంటారు. వెనక ఈయన ఉంటాడు.

"ఇది మీరు కాదండీ!"

అబ్బాయిరాజు తల పైకెత్తి చూశాడు. "అవును. గోవా కుర్రాడు. మంచివాడు పాపం. ఆ రోజు గోల్ కొట్టలేకపోయాడు."

"ఎందుకని?"

"నేనున్నాను కదా," అన్నాడు, ఊరి పేరు చెప్పినంత మామూలుగా. "ఎవరితోనూ అనకు. మళ్ళీ ఫ్లెక్సీ మార్చాలంటారు."

గ్రౌండులో షామియానా, దాని కింద మెత్తటి కుర్చీలు, పెద్దవాళ్ళ కుర్చీలకి తువ్వాళ్ళు. కరస్పాండెంటు గారు తెల్లబట్టల మీద కొత్త స్పోర్ట్సు బూట్లు వేసుకొచ్చారు. మైకు ముందు చాలాసేపు మాట్లాడి, చివర్న, "మన రాజుగారు మొత్తం ఎన్ని గోల్స్ కొట్టారో వారి నోటితోనే విందాం!" అని మైకు అటు తిప్పారు.

అబ్బాయిరాజు లేచి ఆలోచించాడు. "ఒకటండీ," అన్నాడు. అంతలో ఏదో గుర్తొచ్చి, "అదీ పొరపాట్న మా గోల్‌లోకే వెళ్ళిందండీ," అన్నాడు.

అందరూ నవ్వారు. చతురోక్తి అనుకున్నారు. పక్క కుర్చీలోంచి కృష్ణప్రియ, "మీవారు భలే హాస్యప్రియులే!" అంది. హాస్యమేమీ లేదని కామేశ్వరికి తెలుసు. ఆ గోల్ టీవీలో పడిన రోజు ఆవిడ చూసింది. పద్నాలుగేళ్ళలో కెమెరా ఆయన మీద అంతసేపు ఆగడం అదొక్కసారే. మామూలుగా అయితే కెమెరా బంతి వెంట పరుగెత్తేది. బంతి ఈయన దగ్గరికొస్తే ఈయన దాన్ని దూరంగా తన్నేసేవాడు, కెమెరా మళ్ళీ బంతి వెంటే పోయేది. మొగుణ్ణి ఓ క్షణం ఎక్కువ చూసుకోవాలంటే ఎదటి జట్టు వీళ్ళ గోలు మీద పడాలి. అందుకని కామేశ్వరి టీవీ ముందు కూచుని, ఎదటి జట్టువాళ్ళు బాగా ఆడాలని దణ్ణం పెట్టుకునేది. ఈ సంగతి ఆయనకి ఇప్పటికీ తెలియదు.

శాలువా కప్పారు. బంతిపూల దండ వేశారు. ఇక పోటీలు ప్రారంభించాలి.

దానికో పద్ధతి ఉంది. ఆట ఏదైనా మొదటి దెబ్బ పెద్దాయనే కొట్టాలి. క్రికెట్ అయితే ఆయన బ్యాటు పట్టుకుంటాడు, ఎవరూ ఔట్ చెయ్యరు. షటిలైతే సర్వీసు చేస్తాడు, ఎవరూ తిరిగి కొట్టరు. ఫుట్‌బాల్ అయితే ఖాళీ గోల్‌లోకి బంతి తన్నుతాడు, గోల్‌కీపర్ని ముందే మంచినీళ్ళకి పంపించేస్తారు. మర్నాడు పేపర్లో జిల్లా పేజీలో ఆ ఫొటో వస్తుంది.

గేమ్స్ మాస్టారు సాల్మన్ గారు బంతిని సున్నం చుక్క మీద పెట్టారు. ఫొటోగ్రాఫరు వల పక్కన మోకాళ్ళ మీద కూచుని, ముఖ్య అతిథి కూడా ఫొటోలో పడాలని అబ్బాయిరాజుని గోల్‌పోస్టు పక్కన నిలబెట్టాడు. కొబ్బరికాయ కొట్టారు. కరస్పాండెంటు గారు నాలుగడుగులు వెనక్కి వేసి, ప్యాంటు పైకి లాక్కున్నారు.

అందరూ బంతిని చూస్తున్నారు. కామేశ్వరి ఆయన్ని చూస్తోంది. కారణం పెద్దదేమీ కాదు. ఎండలో ఎక్కువసేపు నిలబడితే కుడిమోకాలు నొప్పెట్టి ఆయన బరువంతా ఎడమకాలి మీదకి మార్చుకుంటాడు. మార్చుకున్నాడేమో అని చూస్తోంది.

మార్చుకున్నాడు. కానీ అది నొప్పికి మార్చుకున్నట్టు లేదు. కరస్పాండెంటు గారు ఇంకా పరుగు మొదలెట్టలేదు. అబ్బాయిరాజు మడమలు నేలనించి లేచాయి. మెడ ముందుకొచ్చింది. వంటింట్లో, హాల్లో, గుమ్మాల్లో ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వేలాడే ఆ చేతులు రెండూ ఒంటికి కొంచెం ఎడంగా, తేలిగ్గా నిలిచాయి. కరస్పాండెంటు గారి కాలు ఇంకా బంతికి తగల్లేదు. అబ్బాయిరాజు అప్పటికే రెండో పోస్టు వైపు బయలుదేరాడు. శాలువాతో, దండతో. దండలోంచి పూలు రాలుతున్నాయి.

బంతి తాపీగా దొర్లుకుంటూ గీత దగ్గరికి వచ్చింది. అక్కడ ఆయన పాదం సిద్ధంగా ఉంది. తగిలీ తగలనట్టు తగిలి, బంతి లేచి, షామియానా పక్కగా, ఎవరూ లేని చోటుకి, మైదానం గీత దాటి వెళ్ళిపోయింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. సాల్మన్ గారి చేతులు మాత్రం ఒకదాని దగ్గరికి ఒకటి వచ్చి, కరస్పాండెంటు గారి ముఖం చూసి, నమస్కారంగా మారిపోయాయి.

అబ్బాయిరాజు గీత మీద నిలబడి ఉన్నాడు. తనేం చేశాడో అప్పుడు తెలిసినట్టుంది. "అయ్యో, సారీ అండీ," అన్నాడు.

"ఫరవాలేదు, ఫరవాలేదు!" కరస్పాండెంటు గారు నవ్వారు. ఫొటో కోసం నవ్వే నవ్వు, ఇంకా పెదాల మీదే ఉండటం వల్ల మళ్ళీ పనికొచ్చింది. "ఇంకోసారి కొడదాం. రాజుగారూ, కాస్త పక్కకి జరగండి."

ఆ మాట కామేశ్వరికి, ఎవరో తన గొంతుతో అన్నట్టు వినిపించింది.

ఆయన జరిగాడు. పోస్టు దాకా వెళ్ళాడు. ఫొటోగ్రాఫరు ఇంకొంచెం అన్నట్టు చెయ్యి ఊపాడు. ఇంకొంచెం జరిగాడు. అక్కడ జెండా కర్ర అడ్డమొచ్చింది. అటు వెళ్ళాలో ఇటు వెళ్ళాలో తెలియక ఓ క్షణం మెడ వంచుకుని నిలబడి, చివరికి వల వెనక్కి వెళ్ళాడు. ఇందాకటి చేతులు మళ్ళీ వేలాడుతున్నాయి. వల గళ్ళల్లోంచి ఆయన ముఖం ముక్కలుముక్కలుగా కనిపించింది.

కరస్పాండెంటు గారు తన్నారు. బంతి ఖాళీ గోల్‌లోకి వెళ్ళి, వలకి తగిలి, అవతల ఉన్న అబ్బాయిరాజు కాళ్ళ దగ్గర ఆగింది. షామియానా అంతా చప్పట్లు.

"ఏవిటే, కొట్టవేం?" అంది కృష్ణప్రియ, తను కొడుతూ. "ఏమనుకోకు గాని, మీవారికి కాస్త లోకం తెలియదే. అక్కడ ఆపుతారా ఎవరైనా?"

"ఆపడమేనే ఆయన పని," అంది కామేశ్వరి. చేతులు ఒళ్ళోనే ఉంచుకుంది.

భోజనాల దగ్గర కరస్పాండెంటు గారు ఎంతో మర్యాదగా మాట్లాడారు. పూతరేకులు దగ్గరుండి వడ్డించారు. "ఉద్యోగం సంగతి చూద్దాం లెండి. మేనేజ్‌మెంటుతో మాట్లాడి ఫోన్ చేయిస్తాను," అన్నారు. ఆ కాలేజీకి మేనేజ్‌మెంటు అంటే ఆయనా, కృష్ణప్రియా. ఇద్దరూ అక్కడే ఉన్నారు.

*

తిరుగు రైల్లో కిటికీ పక్కన చోటు దొరికింది. శాలువా మడతపెట్టి సంచిలో పెట్టింది కామేశ్వరి. రైలు పుళ్ళ దాటింది. పక్క సీట్లోవాళ్ళు జంతికలు తింటున్నారు.

"తప్పయిపోయింది," అన్నాడు అబ్బాయిరాజు బయటికి చూస్తూ. "నువ్వు చెప్పి పంపించావు కూడాను."

"మీరు ముందే కదిలారు," అంది ఆవిడ.

"ఎప్పుడు?"

"ఆయన కాలు ఎత్తకముందే. పరుగు కూడా మొదలెట్టకముందే మీ మడమలు లేచాయి. బంతి ఎటొస్తుందో మీకు ముందే తెలుసు."

అబ్బాయిరాజు కిటికీలోంచి తల తిప్పి ఆవిడ కేసి చూశాడు. తెలియని ఊళ్ళో తెలిసిన మనిషి ఎదురైతే చూసినట్టు చూశాడు.

"నువ్వు చూశావా?"

"నేను బంతిని చూడలేదు. మిమ్మల్నే చూశాను."

రైలు ఏదో చిన్న వంతెన మీదుగా వెళ్ళింది. ఆ చప్పుడయ్యేదాకా ఆగి, ఆయన నెమ్మదిగా చెప్పడం మొదలెట్టాడు.

"కాళ్ళు చూడకూడదు. కాళ్ళు నాటకాలాడతాయి. కళ్ళు అంతకంటేనూ. నడుం చూడాలి. మనిషి ఎటు వెళ్దామనుకుంటే నడుం అటు ముందే తిరిగిపోతుంది. దానికి దాచుకోవడం రాదు. ఇవాళ ఆయన నడుం ప్యాంటు లాక్కున్నప్పుడే చెప్పేసింది." చేతుల్తో చూపించాడు. ఎడమ అరచెయ్యి గోలు, కుడి పిడికిలి కరస్పాండెంటు గారు. "ఆపాక మధ్యలోకి తన్నకూడదు. పక్కకే తన్నాలి. మధ్యలోకి తంతే ఎవడో ఒకడు కాచుకుని ఉంటాడు..."

భీమడోలు వచ్చింది, వెళ్ళింది. ఆయన చెబుతూనే ఉన్నాడు. వాన పడుతుంటే గడ్డి మీద బంతి ఎలా వస్తుందో చెప్పాడు. గోవా కుర్రాడు ఎగిరేముందు ఎడమ భుజం ఎలా దించేవాడో చెప్పాడు. పెళ్ళయ్యాక ఆయన ఇంత మాట్లాడగా ఆవిడ వినలేదు. మధ్యలో అడిగితే ఆగిపోతాడేమోనని, దెందులూరు దాకా ఓపిక పట్టి అప్పుడు అడిగింది.

"మరి పక్కకి జరగమంటే ఎందుకు జరిగారు?"

"జరగమంటే జరగాలి కదా." ఆయన తన అరచెయ్యి కేసి చూసుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకున్నాడు. "అలవాటైపోయింది."

ఎక్కడ అలవాటైందో ఆయన చెప్పలేదు. నిష్ఠూరమాడటం ఆయనకి రాదు. వచ్చి ఉంటే ఆవిడకి కొంత తేలిగ్గా ఉండేది. కామేశ్వరి కిటికీలోంచి వెనక్కి పోతున్న పొలాలు చూస్తూ కూచుంది. ఏలూరు స్టేషన్లో దిగేటప్పుడు, గుమ్మంలో జనం ఆయన్ని "జరగండి, జరగండి" అంటుంటే వాళ్ళ కేసి ఊరికే కోపంగా చూసింది.

ఇంటికొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. చీర మార్చుకుని, వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టింది. ఆయన వెనకాలే వచ్చి సిలిండరు పక్కన, అటక కింద, మెడ వంచుకుని నిలబడ్డాడు. గరిట కావాల్సొచ్చింది. గరిటల స్టాండు ఆయన భుజం వెనకే ఉంది. ఆవిడ చెంచాతోనే సరిపెట్టుకుంది. టీపొడి డబ్బా కూడా ఆ వైపే ఉంది. చుట్టూ తిరిగి, మునివేళ్ళ మీద లేచి, ఆయన చేతికింద నుంచి అందుకుంది. ఆయన ఆశ్చర్యంగా చూశాడు.

హాల్లో ఫోను మోగింది.

ఆదివారం సాయంత్రం ఎవరు చేస్తారో ఇద్దరికీ తెలుసు. అబ్బాయిరాజు అటక కింద నుంచి తల తప్పించి బయలుదేరాడు. టీ గ్లాసులతో గుమ్మంలో ఉన్న కామేశ్వరి వెనక్కి తిరిగింది.

"అన్నయ్య," అన్నాడు.

"ఊఁ."

"ఏదో ఒకటి చెప్పాలి కదా. కాస్త పక్కకి జరుగు."

కామేశ్వరి రెండు గ్లాసులూ గట్టు మీద పెట్టింది. గుమ్మం మధ్యకి వచ్చి నిలబడింది.

"జరగను," అంది.

ఆయన ఆగిపోయాడు. "అదేవిటి?"

"దాటి వెళ్ళండి చూద్దాం."

ఫోను మోగుతోంది. అబ్బాయిరాజు మొహమాటంగా నవ్వి ఎడమవైపు అడుగేశాడు. ఆవిడ అక్కడుంది. కుడివైపు వేశాడు. అక్కడా ఉంది. మోసం చేద్దామని ముఖం ఎడమకి తిప్పి, అటే చూస్తూ కుడికి కదిలాడు. ఆవిడ ఆయన ముఖం చూడటం లేదు. కాళ్ళూ చూడటం లేదు.

"నడుం చూస్తున్నావా?"

"ఆహాఁ."

ఇంకోసారి ప్రయత్నించాడు. కుడిమోకాలు కటుక్కుమంది. దేశంలో పేరున్న ఆటగాళ్ళందర్నీ ఆపిన మనిషి, తన భుజం దాకా కూడా రాని మనిషి ముందు చేతులు వేలాడేసుకుని నిలబడిపోయాడు.

"నాకు దాటడం రాదు కామేశ్వరీ," అన్నాడు చివరికి, కొంచెం ఆయాసంతో. "అది నాకెవరూ నేర్పలేదు. ఆపడం వరకే వచ్చు."

"మంచిదయింది," అంది.

ఫోను మోగి మోగి ఆగింది. గట్టు మీద టీ మీగడ కడుతోంది. ఆయన కదల్లేదు, ఆవిడా కదల్లేదు. పెద్దిరాజు బావగారు ఒక్కసారి చేసి ఊరుకునే మనిషి కాదు. అనుకున్నట్టే హాల్లో ఫోను మళ్ళీ అందుకుంది.

కామేశ్వరి కొంగు నడుముకి బిగించి, మడమలు కొద్దిగా పైకెత్తింది.